పని ముగిసినది, ఫలించినదా?
కంప్యూటరు ఆజ్ఞల నిష్క్రమణ సంఖ్యలు, దోష సందేశాలు

శ్రీకాకుళం జిల్లా తీరంలో కళింగపట్నం ఓడరేవు ఉన్నది. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడి తీరంవైపు కదులుతున్నప్పుడు అక్కడ ప్రమాద సూచికను ఎగురవేస్తారు. ఇటువంటి సూచికలకు పగటిపూట శంకువు, పీపా ఆకారాలు గల గుర్తులను, రాత్రివేళ ఎరుపు, తెలుపు దీపాలను వాడే పద్ధతి కలదు. ఒక్కొక్క అమరికకు ఒక్కొక్క సంఖ్య. "మూడో నెంబరు ఎగిరింది" అన్న మాట చెవిని పడితే చాలు, వేటకు బయలుదేరిన మత్స్యకారుడు పడవను తిరిగి ఒడ్డుకు లాగుతాడు. అతడు వాతావరణ శాస్త్రం చదువుకొని ఉండనక్కరలేదు. ఆ సంఖ్య చాలును.

భారతదేశపు ఓడరేవులలో వాడే సాధారణ పద్ధతిలో ఈ సంఖ్యలు 1 నుండి 11 వరకు ఉన్నవి. 1, 2 దూరాన ఉన్న ప్రమాదాన్ని తెలుపుతవి. 3, 4 స్థానిక హెచ్చరికలు. 5, 6, 7 ప్రమాద సూచికలు. 8, 9, 10 మహా ప్రమాద సూచికలు. పదకొండవది వీటన్నింటికంటె చిత్రమైనది. అది తుపాను బలాన్ని గురించి ఏమీ చెప్పదు. వాతావరణ హెచ్చరిక కేంద్రంతో వార్తా సంబంధాలు తెగిపోయినవనీ, వాతావరణం ప్రమాదకరంగా పరిణమించగలదని స్థానిక అధికారి భావిస్తున్నాడనీ మాత్రమే చెపుతుంది. అనగా, వార్త అందకపోవటం కూడా ఒక వార్తయే. దానికీ ఒక సంఖ్య కావలెనని ఈ పద్ధతిని ఏర్పరచినవారు గుర్తించినారు.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినది. 2021 సెప్టెంబరు 26వ తేదీ రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్ల దూరాన తీరం దాటినది. ఇటువంటి వేళలలో ప్రజలకు రెండు రకాల సమాచారం అందుతుంది. ఒకటి, స్తంభంమీది సంఖ్య. రెండవది, తుపాను ఎక్కడ ఉన్నది, గాలి వేగమెంత, ఎటు కదులుతున్నది అని వివరించే ప్రకటన. వెంటనే నిర్ణయం చేయటానికి సంఖ్య. కారణం తెలిసికొనటానికి ప్రకటన. ఒకటి ఉన్నంత మాత్రాన రెండవది అక్కరలేకపోదు.

కంప్యూటరులో ఆజ్ఞలు నడిపే చోట కూడ సరిగా ఇటువంటి ఏర్పాటే ఉన్నది. దానిని తెలియనివారు కంప్యూటరు పని ముగించగానే పని జరిగినదని భ్రమపడుతారు. ముగియటం వేరు, ఫలించటం వేరు.

షెల్ అనగా ఏమి?

కంప్యూటరు హృదయ భాగంలో ఉండి జ్ఞాపకశక్తిని, డిస్కును, తెరను పాలించే ప్రోగ్రామును కెర్నల్ అంటారు. కాయలోని గింజ వంటిది. దాని పైపెంకు వంటిది షెల్. మనిషి అక్షరాలలో టైపు చేసిన ఆజ్ఞను షెల్ చదివి, తగిన ప్రోగ్రామును నడిపి, అది ముగిసేవరకు వేచి, తరువాతి ఆజ్ఞకు సిద్ధమవుతుంది. ఈ పద్ధతికి మూలమైన యూనిక్స్ వ్యవస్థను 1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలైనవారు ఆరంభించినారు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్స్ ఆ సంప్రదాయంలోనిదే. నేడు లైనక్స్ యంత్రాలలో విరివిగా కనిపించే బాష్ అనే షెల్ 1989లో వెలువడినది. దిగువ చెప్పిన విషయాలు బాష్‌కు వర్తిస్తవి. వాటిలో అధికభాగం తక్కిన షెల్‌లకు కూడ వర్తిస్తవి. ఆజ్ఞలను రోమను లిపిలో టైపు చేయవలెను. ఇచ్చట వాటి ఉచ్చారణ మాత్రమే ఇవ్వబడినది.

సున్న వస్తే నెగ్గినట్లు

ప్రతి ప్రోగ్రాము ముగిసేటప్పుడు తనను పిలిచినవారికి ఒక చిన్న సంఖ్యను అప్పగించి పోతుంది. దీనిని నిష్క్రమణ సంఖ్య అనవచ్చును. ఇంగ్లీషు పేరు ఎగ్జిట్ కోడ్. ఇది 0 నుండి 255 వరకు ఉంటుంది. 0 అనగా పని సవ్యంగా జరిగినదని అర్థం. మరి ఏ సంఖ్య వచ్చినా ఏదో తేడా ఉన్నదని అర్థం.

బడిలో సున్న వచ్చినవాడు తప్పినట్లు. ఇక్కడ సున్న వస్తేనే నెగ్గినట్లు. ఇది విడ్డూరంగా తోచవచ్చును గాని, ఇందులో యుక్తి ఉన్నది. పని సరిగా జరగటానికి సాధారణంగా ఒకటే రూపం. చెడిపోవటానికి దారులు అనేకం: ఫైలు లేకపోవచ్చును, ఉండికూడ దానిని తెరిచే అధికారం లేకపోవచ్చును, డిస్కులో చోటు చాలకపోవచ్చును. అందుచేత జయానికి ఒక్క సంఖ్యను కేటాయించి, మిగిలిన 255 సంఖ్యలను అపజయపు రకాలకు విడిచిపెట్టినారు.

చివరి ఆజ్ఞ ఏ సంఖ్య ఇచ్చినదో షెల్ గుర్తుంచుకుంటుంది. దానిని డాలరు గుర్తు, ప్రశ్నార్థకం కలిపి ($?) అడగవలెను. ఫైళ్ళ పేర్లు చూపే ఆజ్ఞ 'ఎల్‌ఎస్'. లేని ఫైలు పేరు ఒకటి దానికి ఇచ్చిచూడుడు. అటువంటి ఫైలు లేదని తెరమీద సందేశం వస్తుంది. వెంటనే 'ఎకో $?' అని టైపు చేస్తే లైనక్స్‌లో సాధారణంగా 2 కనిపిస్తుంది. అదే 'ఎకో $?'ను మరొకసారి టైపు చేస్తే ఈసారి 0 వస్తుంది! తప్పు మాయమైపోయినదా? కాదు. రెండవసారి అడిగినప్పుడు 'చివరి ఆజ్ఞ' ఎల్‌ఎస్ కాదు, మొదటి ఎకో. అది తన పనిని చక్కగా చేసినది గనుక 0 ఇచ్చినది. దీనినిబట్టి ఒక నియమం ఏర్పడుతుంది: ఈ సంఖ్య మరొక ఆజ్ఞ నడిచేవరకే నిలుస్తుంది. తరువాత కావలసి ఉంటే వెంటనే వేరొక చలరాశిలో దాచుకొనవలెను.

కొన్ని సంఖ్యలకు షెల్ స్థిరమైన అర్థాలు ఇచ్చినది. 127 వస్తే ఆ పేరుగల ఆజ్ఞయే దొరకలేదని అర్థం. తరచుగా అది అక్షరదోషపు ఫలితం. 126 వస్తే ఫైలు దొరికినది గాని దానిని నడిపించటం సాధ్యపడలేదని అర్థం. ప్రోగ్రాము తనంతట తాను ముగియక, బయటినుండి వచ్చిన ఒక సంకేతంచేత ఆగిపోయినచో, ఆ సంకేతపు సంఖ్యకు 128 కలిపి చెప్పుతారు. కంట్రోల్-సి నొక్కితే పోయేది 2వ సంకేతం, కనుక 130. బలవంతంగా చంపివేసేది 9వ సంకేతం, కనుక 137. తనది కాని జ్ఞాపకస్థలాన్ని తాకబోయి కూలిపోయిన ప్రోగ్రాముకు వచ్చేది 11వ సంకేతం, కనుక 139. జ్ఞాపకస్థలం చాలక వ్యవస్థయే ఒక ప్రోగ్రామును చంపినప్పుడు కూడ 137 కనిపిస్తుంది.

ఇక్కడ ఓడరేవు ఉపమానానికి ఒక హద్దు ఉన్నది. ఓడరేవులో 3 కంటె 10 తీవ్రమైనది. నిష్క్రమణ సంఖ్యలలో పెద్ద సంఖ్య పెద్ద ప్రమాదం కాదు. 127 కేవలం అక్షరదోషం కావచ్చును; 1 అనేది సర్వస్వం పోయినదని చెప్పవచ్చును. సంఖ్య పరిమాణం కాదు, పేరు వంటిది.

సున్న కానిదెల్లా దోషం కాదు. మాటను వెదకే 'గ్రెప్' ఆజ్ఞ మాట దొరికితే 0, దొరకకపోతే 1, వెదకటమే సాధ్యపడకపోతే 2 ఇస్తుంది. రెండు ఫైళ్ళను పోల్చే 'డిఫ్' అవి ఒకటే అయితే 0, వేరైతే 1, పోల్చలేకపోతే 2 ఇస్తుంది. "లేదు" అనే జవాబుకు, "నాకు తెలియదు" అనే జవాబుకు ఎంత తేడా! తప్పినవారి జాబితాలో ఒక విద్యార్థి పేరు లేదనటం వేరు. ఆ జాబితా ఉన్న బీరువాయే తెరుచుకొనలేదనటం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా భావించే ప్రోగ్రాము, తెరుచుకొనని బీరువాను చూచి విద్యార్థి ప్యాసయినాడని ప్రకటిస్తుంది.

రెండు కాలువలు

హిరమండలం వద్ద వంశధారపై గల గొట్టా బ్యారేజి నుండి ఎడమ కాలువ, కుడి కాలువ వేరువేరుగా పోతవి. ఒకదాని నీరు మరొకదానిలో కలియదు. ప్రోగ్రాము నుండి వెలువడే మాటలకు కూడ ఇట్లే రెండు కాలువలు ఉన్నవి. ఫలితాలు పోయేది 1వ కాలువ; దోష సందేశాలు పోయేది 2వ కాలువ. ప్రోగ్రాములోనికి సమాచారం వచ్చే దారికి 0 అని సంఖ్య. మామూలుగా రెండు కాలువలూ తెరమీదనే వచ్చి పడుతవి గనుక చూచేవారికి తేడా తెలియదు.

మొదట్లో యూనిక్స్‌లో దోషాలకు వేరు కాలువ లేదు. అది పుట్టిన కథను బెల్ లేబొరేటరీలలో పనిచేసిన స్టీవ్ జాన్సన్ తరువాత చెప్పినాడు. ఆ రోజులలో అక్కడ ఫొటో పద్ధతిలో అక్షరాలు కూర్చే యంత్రం ఒకటి ఉండేది. కూర్పు ముగిసిన తరువాత పొడవైన కాగితాన్ని దుర్వాసన కొట్టే రసాయనపు పెట్టెలోనికి పంపి, కొన్ని నిమిషాలు వేచి ఉండవలసి వచ్చేది. ఒక మధ్యాహ్నం పలువురికి ఒకే అనుభవం కలిగినది. అంత శ్రమపడి తీసిన కాగితంమీద వ్యాసం లేదు. ఫలానా ఫైలు తెరుచుకొనలేదు అనే ఒక్క వాక్యం మాత్రం ముచ్చటైన అక్షరాలలో అచ్చయి ఉన్నది! దోష సందేశం ఫలితంతోపాటు ఒకే దారిన పోవటంచేత యంత్రం దానినే కూర్చినది. ఆ గొణుగుడు వినవలసినవారి చెవిని పడినది. కొద్ది రోజులలోనే దోష సందేశాలకు ప్రత్యేకమైన కాలువ ఏర్పడినది.

ఫలితాన్ని ఫైలులోనికి మళ్ళించటానికి '>' గుర్తు, దోషాలను మళ్ళించటానికి '2>' గుర్తు వాడుతారు. రెండింటినీ ఒకే ఫైలులోనికి పంపదలచితే ముందు '> ఫైలు' అని, తరువాత '2>&1' అని వ్రాయవలెను. ఈ రెండవ గుర్తుకు "1వ కాలువ ఇప్పుడు ఎక్కడికి పోతున్నదో 2వ దానిని కూడ అక్కడికే పంపుము" అని అర్థం. 'ఇప్పుడు' అన్న మాట ముఖ్యం. షెల్ ఈ గుర్తులను ఎడమనుండి కుడికి చదువుతుంది. వరుస తారుమారు చేసి '2>&1 > ఫైలు' అని వ్రాస్తే, 2వ కాలువను కలిపే సమయానికి 1వది ఇంకా తెరవైపే పారుతున్నది; అందుచేత దోషాలు తెరమీదనే ఉండిపోతవి, ఫలితాలు మాత్రం ఫైలుకు పోతవి.

'2> /డెవ్/నల్' అని వ్రాస్తే దోష సందేశాలు శూన్యంలో కలిసిపోతవి. తెర శుభ్రంగా కనిపిస్తుందని కొందరు దీనిని అలవాటుగా వాడుతారు. తుపాను ప్రకటన వినబడకుండ రేడియో కట్టివేసినంత మాత్రాన గాలి ఆగదు.

ఒక చిన్న పట్టికలో పెద్ద ప్రమాదం

ఆజ్ఞలను వరుసగా ఒక ఫైలులో వ్రాసి, ఒక్కసారిగా నడిపించవచ్చును. దీనిని స్క్రిప్టు అంటారు. బొబ్బిలిలో ఒక ఉన్నత పాఠశాల ఉన్నదనీ, అక్కడి ఉపాధ్యాయుడు ప్రతి సాయంత్రం మార్కుల ఫైలును పెన్‌డ్రైవులోనికి నకలు చేసి, కంప్యూటరులోని ప్రతిని తొలగించటానికి రెండు వరుసల స్క్రిప్టు వ్రాసికొన్నాడనీ ఊహించవచ్చును. మొదటి వరుస 'సిపి', అనగా నకలు చేయుము. రెండవ వరుస 'ఆర్‌ఎమ్', అనగా తొలగించుము.

ఒకనాడు పెన్‌డ్రైవు పెట్టటం మరిచిపోయినాడు. 'సిపి' చేరవలసిన స్థలం లేక, దోష సందేశం ఇచ్చి, 1 అనే సంఖ్యతో ముగిసినది. షెల్ ఆగిపోతుందా? పోదు. ఏ సూచనా ఇవ్వకపోతే అది తప్పును లెక్కచేయక తరువాతి వరుసకు పోతుంది. 'ఆర్‌ఎమ్' ఫైలును తొలగించి, తన పని సక్రమంగా జరిగినదని 0 ఇచ్చినది. స్క్రిప్టుకంతటికీ నిష్క్రమణ సంఖ్య దాని చివరి ఆజ్ఞదే గనుక, మొత్తం స్క్రిప్టు కూడ 0 అనే చెప్పినది. మార్కులు పోయినవి, యంత్రం మాత్రం జయమన్నది.

దీనికి నివారణ రెండు గుర్తులంత చిన్నది. 'సిపి', 'ఆర్‌ఎమ్' ఆజ్ఞల నడుమ '&&' ఉంచితే, మొదటిది 0 ఇచ్చినప్పుడే రెండవది నడుస్తుంది. దీనికి ఎదురైనది '||'. మొదటిది విఫలమైనప్పుడే రెండవది నడుస్తుంది. "నకలు చేయుము || హెచ్చరించి ఆగుము" అన్నట్లు వాడవచ్చును. విషయం పెద్దదైతే 'ఇఫ్' అనే నిర్మాణం ఉన్నది; అది ఆజ్ఞ ఇచ్చిన సంఖ్యను చూచియే దారి ఎంచుకుంటుంది.

అయితే 0 అనగా ప్రోగ్రాము తనకు చెప్పిన పని చేసినదని మాత్రమే. మనిషి మనస్సులోని పని జరిగినదని కాదు. పెన్‌డ్రైవు లేకున్నా ఆ పేరుగల సంచయం కంప్యూటరులోనే మిగిలి ఉంటే, 'సిపి' అందులోనికే నకలు చేసి 0 ఇస్తుంది. అందుచేత విలువైన ఫైలును తొలగించే ముందు పెన్‌డ్రైవు నిజంగా తగిలి ఉన్నదో లేదో చూడవలెను; అసలును, నకలును 'సిఎమ్‌పి' వంటి ఆజ్ఞతో పోల్చటం కూడ మంచిది.

గొట్టాలలో దాగే తప్పు

ఒక ఆజ్ఞ ఫలితాన్ని మరొక ఆజ్ఞలోనికి పంపటానికి నిలువు గీత వాడుతారు. దీనికి పైపు, అనగా గొట్టం, అని పేరు. 1973లో యూనిక్స్‌లో చేరినది. నదీమట్టాల ఫైలును 'క్యాట్' చదివి గొట్టం ద్వారా 'సార్ట్'కు ఇస్తే, అది వరుసక్రమంలో పెట్టి ఫలితం వ్రాస్తుంది. ఫైలు లేదనుకొనవచ్చును. 'క్యాట్' విఫలమవుతుంది. కాని 'సార్ట్'కు ఏమీ అందలేదు. ఏమీ లేనిదానిని వరుసలో పెట్టటం సులభమే గనుక అది 0 ఇస్తుంది. గొట్టపు వరుసకంతటికీ చివరి ఆజ్ఞ సంఖ్యయే లెక్క. చేతికి వచ్చినది ఖాళీ పట్టిక, దానితోపాటు జయమనే వార్త. ఖాళీ పట్టికను చూచినవారు నదులలో నీరు పెరగలేదని అనుకొనే ప్రమాదం ఉన్నది.

స్క్రిప్టు మొదట 'సెట్ -ఓ పైప్‌ఫెయిల్' అని వ్రాస్తే, గొట్టపు వరుసలో ఏ ఆజ్ఞ విఫలమైనా ఆ సంగతి చివరి సంఖ్యలో కనిపిస్తుంది. 'సెట్ -ఇ' అని వ్రాస్తే, ఆజ్ఞ విఫలమైన చోటనే స్క్రిప్టు ఆగిపోతుంది. కాని 'ఇఫ్' పరీక్షలో ఉన్న ఆజ్ఞకు గాని, '&&', '||' గుర్తులకు ఎడమవైపున్న ఆజ్ఞకు గాని ఈ నియమం వర్తించదు; అక్కడ వైఫల్యం సంగతి స్క్రిప్టు వ్రాసినవారే చూచుకొంటారని షెల్ భావిస్తుంది. కనుక 'సెట్ -ఇ' మంచి కావలివాడే గాని, సర్వజ్ఞుడు కాడు. ముఖ్యమైన ఆజ్ఞ వద్ద విడిగా పరీక్ష ఉండవలసినదే.

ప్రపంచమంతా చూచిన ఒక ఉదాహరణ

ఈ విషయం బడి కంప్యూటరుకే పరిమితం కాదు. ప్రోగ్రాములు దాచుకొనే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో 2017 జనవరి 31వ తేదీన పొరపాటున ప్రధాన సమాచార భాండారపు ఫైళ్ళు తొలగింపబడినవి. నకళ్ళు ఉన్నవి గదా అని చూస్తే, ఉండవలసిన చోట ఏమీ లేదు. ప్రతిదినం నకలు తీసే ప్రోగ్రాము తన మాతృకకు సరిపడని పాత కూర్పును వాడుతూ, దోషమిచ్చి ముగిసిపోతూ వచ్చినది. ఆ వైఫల్యాన్ని తెలిపే ఈ-మెయిళ్ళు కూడ బయలుదేరినవి. కాని తగిన సంతకం లేనందున వాటిని అందుకొనే వ్యవస్థ తిరస్కరించినది. దోషం పలికినది, వినేవారికి చేరలేదు. సుమారు ఆరు గంటల ముందు వేరొక పనికై తీసిన ప్రతి ఒకటి ఉండబట్టి అంతవరకు దక్కినది. ఆ ఆరు గంటల సమాచారం పోయినది. సంస్థ ఈ వృత్తాంతాన్నంతటినీ దాచక ప్రకటించినది. అందుచేతనే ఇతరులు దానినుండి నేర్చుకొనగలిగినారు.

ఓడరేవు పదకొండవ సంఖ్య విలువ ఇక్కడ తెలుస్తుంది. "దోషం వస్తే తెలుపుము" అన్న ఏర్పాటు ఒక్కటే చాలదు. తెలిపే దారియే తెగితే నిశ్శబ్దం క్షేమంగా కనిపిస్తుంది. కనుక ముఖ్యమైన పనులలో జయాన్ని కూడ ప్రతిదినం తెలుపుమని కోరవలెను. ఆ కబురు రానినాడు విచారించవలెను.

స్క్రిప్టు వ్రాసేవారి బాధ్యత

ఇతరుల ప్రోగ్రాములు ఇచ్చే సంఖ్యలను చదవటం ఒక ఎత్తు; తన స్క్రిప్టు సరైన సంఖ్య ఇవ్వటం మరొక ఎత్తు. విఫలమైనప్పుడు 'ఎగ్జిట్ 1' వంటి ఆజ్ఞతో ముగించవలెను. సందేశాన్ని '>&2' గుర్తుతో దోషాల కాలువలోనికి పంపవలెను. ఏ ఫైలు, ఏ పని, ఎందుకు కాలేదు అని సందేశంలో ఉండవలెను. "తప్పు జరిగినది" అన్నంత మాత్రాన చదివేవానికి దారి దొరకదు. నిష్క్రమణ సంఖ్యలో దోషాల లెక్కను ఇరికించకూడదు. ఆ సంఖ్యకు ఎనిమిది బిట్ల చోటు మాత్రమే ఉన్నది. 255 దాటితే మళ్ళీ సున్ననుండి మొదలు. సరిగా 256 దోషాలు దొరికిన ప్రోగ్రాము 'ఎగ్జిట్ 256' అంటే బయటికి వచ్చేది 0, అనగా ఏ దోషమూ లేదని!

పైథాన్ వంటి భాషనుండి ఆజ్ఞలను నడిపేవారికి కూడ ఇదే సూత్రం. 'సబ్‌ప్రాసెస్' విభాగంలోని 'రన్' అనే సాధనం ఆజ్ఞ ఇచ్చిన సంఖ్యను 'రిటర్న్‌కోడ్' అనే పేరుతో అందిస్తుంది; అడిగితే రెండు కాలువలలోని మాటలను వేరువేరుగా పట్టి ఇస్తుంది. కాని అడగనిదే అది విఫలమైన ఆజ్ఞవద్ద ఆగదు. 'చెక్' అనే మాటను నిజమని ఇచ్చినప్పుడే ఆగుతుంది.

తరగతిలో చేయదగిన ప్రయోగాలు

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని ఒక్క పీరియడులో చూపించవచ్చును. లైనక్స్ ఉన్న ఏ కంప్యూటరైనా చాలును. ముందు లేని ఫైలుపై 'ఎల్‌ఎస్' నడిపి, 'ఎకో $?' రెండుసార్లు అడిగించి, సంఖ్య ఎందుకు మారినదో విద్యార్థులచేత చెప్పించవలెను. తరువాత 'ట్రూ', 'ఫాల్స్' అనే ఆజ్ఞలు నడిపించవలెను. వీటికి వేరే పనియే లేదు, ఒకటి ఎల్లప్పుడు 0, రెండవది 1 ఇస్తుంది. 'ఫాల్స్' తరువాత నిలువు గీత, 'ట్రూ' వ్రాసి, పైప్‌ఫెయిల్ ఉన్నప్పుడు, లేనప్పుడు వచ్చే సంఖ్యలను పలకమీద పక్కపక్కన వ్రాయించవలెను. చివరగా ఉన్న ఫైలు ఒకటి, లేని ఫైలు ఒకటి కలిపి 'ఎల్‌ఎస్'కు ఇచ్చి, ఫలితాన్ని ఒక ఫైలుకు, దోషాన్ని మరొక ఫైలుకు మళ్ళింపజేయవలెను. రెండు ఫైళ్ళను తెరచి చూచిన విద్యార్థికి రెండు కాలువల సంగతి మరి మరపునకు రాదు.